చిల్లర డబ్బా నుంచి ఆల్బమ్ దాకా: ఆనందం కోసం నాణేలు సేకరించే పద్ధతి

ఐదో జార్జి కాలపు అణా నాణేన్ని బొరుసు వైపు తిప్పి చూస్తే, ఇంగ్లీషులో ఉన్న విలువతో పాటు అదే విలువ ఉర్దూ, హిందీ, బెంగాలీ, తెలుగు లిపులలోనూ కనిపిస్తుంది. పన్నెండు వంపుల అంచు గల ఆ చిన్న రాగి-నికెల్ బిళ్ల మీద మన అక్షరాలను గుర్తుపట్టిన రోజునే నాకు నాణేల మీద ఆసక్తి పుట్టింది. అది అరుదైన నాణెం కాదు. అరిగిపోయిన ప్రతి ఇప్పటికీ చవకగానే దొరుకుతుంది, పదేళ్ల తరువాత కూడా దాని ధర పెద్దగా పెరగదు. అయినా నా దగ్గరున్న నాణేలలో నేను ఎక్కువసార్లు బయటికి తీసి చూసుకునేది దాన్నే. ఈ మార్గదర్శి అలాంటి సంతోషం కోసం నాణేలు సేకరించాలనుకునే వారికోసం రాసినది.

పెట్టుబడి ఆలోచనను మొదటే పక్కన పెట్టమనడానికి బలమైన కారణాలున్నాయి. పాతదైనంత మాత్రాన ఏ నాణెమూ అరుదైనదైపోదు. కోట్ల సంఖ్యలో అచ్చయిన నాణెం యాభై ఏళ్లు గడిచినా లక్షల సంఖ్యలో మిగిలే ఉంటుంది. పైగా వ్యాపారి మనకు అమ్మే ధరకూ, మన దగ్గర తిరిగి కొనే ధరకూ మధ్య చాలా తేడా ఉంటుంది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు, పది రూపాయల నాణేలకు లక్షలు ఇస్తామనే ప్రకటనలు ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. వాటిని నమ్మి ముందుగా 'రిజిస్ట్రేషన్ రుసుము' కట్టినవారు ఆ డబ్బును పోగొట్టుకుంటున్నారు. పాత నోట్లు, నాణేల లావాదేవీలకు తన పేరు చెప్పి రుసుములు, కమిషన్లు, పన్నులు అడిగేవారితో తనకు ఏ సంబంధమూ లేదని భారతీయ రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించవలసి వచ్చింది. 'ఇది ఎంతకు పోతుంది?' అన్న ప్రశ్నను వదిలేసి 'ఇది ఎక్కడ పుట్టింది? ఎవరెవరి చేతులు మారింది?' అని అడగడం మొదలుపెడితే ఈ వ్యాపకం తేలికవుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

మొదటి అడుగు: ముందు ఇల్లు వెతకండి

ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే ఇంట్లో ఉన్నవన్నీ ఒకచోట చేర్చండి. పూజగది పళ్లెం, పోపుల పెట్టె అడుగు, పాత ట్రంకు పెట్టె, కుట్టుమిషను సొరుగు, పిల్లల హుండీ: ఇవే మనకు మొదటి గనులు. దీపావళి లక్ష్మీపూజలో ఏటా బయటికి వచ్చే వెండి రూపాయి చాలా ఇళ్లలో ఉంటుంది. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన బంధువుల జేబుల్లో మిగిలిన చిల్లర కూడా ఎక్కడో ఒక మూల పడి ఉంటుంది.

నాణేలు దొరికినప్పుడు ఇంట్లోని పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ పని మాత్రం వాయిదా వేయకండి, ఎందుకంటే ఆ నాణేలను వాడిన తరం రోజురోజుకూ తరిగిపోతోంది. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు, లేదా పన్నెండు పైలు అన్న లెక్క 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చేదాకా నడిచింది. కొత్త నాణేలను పాతవాటి నుంచి వేరు చేయడానికి వాటిని 'నయా పైసా' అన్నారు. 1964లో 'నయా' అన్న మాట తొలగిపోయింది. మన వాడుకలో అణాలో నాలుగో వంతు కాణీ, రెండు అణాలు బేడ, నాలుగు అణాలు పావలా. అణాలు పోయినా ఇరవై ఐదు పైసలను మనం పావలా అనే పిలిచాం. ఇరవై ఐదు పైసలూ, అంతకు తక్కువ విలువ గల నాణేలూ 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయినా ఆ మాట ఇంకా బతికే ఉంది. బేడతో ఏం కొనేవారో, కాణీకి ఏం వచ్చేదో మీ అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, వారు చెప్పిన మాటలను చెప్పినట్టే రాసుకోండి. 1943 నుంచి 1947 దాకా యుద్ధకాలపు లోహపు కొరత వల్ల మధ్యలో గుండ్రటి చిల్లుతో వచ్చిన కంచు పైసా కనిపిస్తే, దాన్ని మొలతాడుకు కట్టుకున్న జ్ఞాపకం ఉన్నవారు ఇప్పటికీ కొందరు దొరకవచ్చు.

రెండో అడుగు: నాణేన్ని చదవడం నేర్చుకోండి

ఒక భూతద్దం, ఒక చిన్న అయస్కాంతం, గ్రాములో నూరో వంతు దాకా చూపే చిన్న తూకపు యంత్రం ఉంటే చాలు. నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోండి, ఎందుకంటే వేళ్ల చెమట దాని ముఖం మీద శాశ్వతంగా మచ్చ వేయగలదు. కింద మెత్తటి గుడ్డ పరుచుకుంటే చేయి జారినా నష్టం ఉండదు.

మొదట చూడవలసినది సంవత్సరం, ఆ తరువాత దాని కింద ఉండే టంకశాల గుర్తు. నేటి భారతదేశంలో నాలుగు టంకశాలలు నాణేలు ముద్రిస్తున్నాయి. సంవత్సరం కింద వజ్రాకారపు గుర్తు ఉంటే అది ముంబయి. ఐదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాదు. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఈ నాలుగు గుర్తులూ తెలిసిన వ్యక్తికి కిరాణా కొట్టులో తిరిగి వచ్చిన చిల్లర కూడా మామూలు చిల్లరగా కనిపించదు. ఈ రాత్రికే మీ పర్సులోని నాణేలన్నీ బల్ల మీద పోసి, నాలుగు వరుసలుగా విడదీసి చూడండి.

నక్షత్రం గుర్తు వెనుక మన చరిత్ర ఉంది. హైదరాబాదు టంకశాల 1803లో, మూడో ఆసఫ్‌జా సికందర్ జా పాలనలో నిజాముల టంకశాలగా మొదలై, 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాదులోని పాత భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది. ముద్రణ ఎలా జరుగుతుందో తెలియాలంటే ముందు అక్కడికి వెళ్లి రావడం మంచిది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన ఎన్.టి. రామారావు శతజయంతి వంద రూపాయల నాణెం కూడా హైదరాబాదు టంకశాలలోనే తయారైంది. అయితే సగం వెండి ఉన్న అటువంటి స్మారక నాణేలు చలామణీకి రావు, ముఖవిలువ కంటే ఎన్నో రెట్ల ధరకు అమ్ముతారు. మనసుకు నచ్చితే ఒకటి కొనుక్కోండి. సేకరణను వాటితో మొదలుపెట్టవద్దని మాత్రం నా సలహా, ఎందుకంటే వెతికి పట్టుకోవడంలో ఉన్న ఆనందం అక్కడ ఉండదు.

మన రూపాయి నాణేలన్నీ మన దేశంలోనే పుట్టలేదు. చిల్లర కొరతను తీర్చడానికి ప్రభుత్వం కొన్నిసార్లు విదేశాలలో ముద్రింపజేసింది. 1997 నాటి రూపాయి నాణెం మీద చిన్న సున్నాతో కూడిన ఇంగ్లీషు 'ఎం' అక్షరం కనిపిస్తే అది మెక్సికోలో, 1998 తరువాతి వాటి మీద 'ఎంకె' అన్న అక్షరాలు కనిపిస్తే అది స్లొవాకియాలోని క్రెమ్నిత్సాలో పుట్టినట్టు.

అయస్కాంతం లోహం గురించి చెబుతుంది. 1992 నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి దానికి అంటుకుంటుంది. అంతకు ముందటి రాగి-నికెల్ రూపాయి అంటుకోదు, కానీ 1950 నాటి శుద్ధ నికెల్ రూపాయి మళ్లీ అంటుకుంటుంది. వెండి ఎన్నడూ అంటుకోదు. అంటే 'విక్టోరియా వెండి రూపాయి' అని ఎవరైనా చూపించినది అయస్కాంతానికి అతుక్కుంటే ఇక మాట్లాడవలసిన అవసరం లేదు.

మూడో అడుగు: ఒక ప్రశ్నను ఎంచుకోండి

ప్రపంచంలోని అన్ని నాణేలూ సేకరిస్తానని బయలుదేరినవారు ఏడాది తిరిగేసరికి విసిగిపోవడం నేను చూశాను. దొరికినదల్లా డబ్బాలో వేసుకోవడం వల్ల కుప్ప పెరుగుతుందే తప్ప సేకరణ పెరగదు. ఒక ప్రశ్న పెట్టుకుని, దానికి జవాబుగా నాణేలను వరుసలో పేర్చండి.

కొత్తవారికి నేను మొదట సూచించేది రూపాయి బరువు కథ. ఈస్టిండియా కంపెనీ 1835లో నిర్ణయించిన వెండి రూపాయి 11.66 గ్రాములు తూగేది, అందులో దాదాపు 92 శాతం వెండి ఉండేది. 1940లో వెండి సగానికి తగ్గింది. సింహశీర్షంతో 1950లో వచ్చిన గణతంత్ర భారతపు తొలి రూపాయి పది గ్రాముల నికెల్. 1975 నాటిది ఎనిమిది గ్రాముల రాగి-నికెల్, 1983 నాటిది ఆరు గ్రాములు, 1992 నాటి స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 2011లో కొత్త రూపాయి చిహ్నంతో వచ్చినది 3.79 గ్రాములు. ఈ ఏడు నాణేలను ఒక వరుసలో పెట్టి ఒక్కొక్కటే తూచి చూడండి. రూపాయి విలువ పడిపోయిందన్న మాటను మనం ఎన్నోసార్లు విన్నాం, కానీ అరచేతిలో ఆ తేడా తెలియడం వేరు. వెండివి రెండూ తప్ప మిగిలినవన్నీ చాలా కొద్ది ఖర్చుతో దొరుకుతాయి.

పిల్లలతో కలిసి చేయాలనుకునేవారికి అల్యూమినియం చిల్లర మంచిది. చతురస్రపు పైసా, వంపుల అంచు రెండు పైసలు, ఆరు పలకల మూడు పైసలు, చతురస్రపు ఐదు పైసలు, పువ్వులాంటి పది పైసలు, ఆరు పలకల ఇరవై పైసలు పక్కపక్కన పేర్చితే, కంటితో చూడకుండానే వేలితో తడిమి విలువ తెలుసుకోవడానికి ఎన్ని ఆకారాలు ఆలోచించారో అర్థమవుతుంది. వాటి పక్కన 1968 నుంచి వచ్చిన తామరపువ్వు ఇరవై పైసల ఇత్తడి రంగు నాణెం ఒకటి పెడితే ఆ వరుసకే అందం వస్తుంది.

పది రూపాయల నాణెం మరో మంచి అంశం. కొన్ని ఊళ్లలో దుకాణదారులు దాన్ని తీసుకోవడానికి వెనకాడుతుంటారు, చెల్లదన్న పుకారే దానికి కారణం. అప్పటికి విడుదలైన పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లో స్పష్టంగా చెప్పింది. ఆ పద్నాలుగింటినీ చిల్లరలోనే వెతికి పూర్తి చేసిన వ్యక్తి, పుకారును నమ్మే దుకాణదారుకు ఆల్బమ్ తెరిచి చూపించవచ్చు.

కొంత అనుభవం వచ్చాక, తెలంగాణ వారికైనా ఆంధ్ర వారికైనా నేను చెప్పేది చార్మినారు నాణేల గురించి. హైదరాబాదు నిజాము మహబూబ్ అలీ ఖాన్ చివరి సంవత్సరాలలో మొదలై, తరువాతి నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ కాలమంతా సాగిన ఈ వెండి నాణేల మీద చార్మినారు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ మధ్య ద్వారంలోకి భూతద్దంతో చూడండి: అక్కడ ఉర్దూ లిపిలోని 'మీమ్' అక్షరం ఉంటే మహబూబ్, 'ఐన్' అక్షరం ఉంటే ఉస్మాన్. పాలకుడి పేరులోని తొలి అక్షరాన్ని గుమ్మంలో నిలబెట్టిన ఆ నగిషీ పనివాడి ఆలోచన నాకు ఎంతో ఇష్టం. వీటి మీద హిజ్రీ సంవత్సరం అరబిక్ అంకెలలో ఉంటుంది. ఆ అంకెలు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. నిలువు గీత ఒకటి, చుక్క సున్నా, చిన్న గుండ్రం ఐదు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది: 1343ను అలా లెక్కిస్తే 1924-25 అవుతుంది. ఈ ఉస్మానియా సిక్కా 1959 దాకా భారత రూపాయితో పాటు చెల్లింది.

విదేశాలలో ఉన్న తెలుగువారు అక్కడి నాణేలతోనే మొదలుపెట్టవచ్చు. అమెరికాలో 1999 నుంచి 2008 దాకా ఏడాదికి ఐదు చొప్పున యాభై రాష్ట్రాల పేరిట వచ్చిన పావు డాలర్లు ఇప్పటికీ చిల్లరలో కనిపిస్తాయి. ఎమిరేట్స్ దిర్హాం మీద కాఫీ కూజా ఉంటుంది. తాము నివసించిన ఊళ్ల చిల్లరను సంవత్సరాల వారీగా దాచుకుంటే అది కుటుంబ వలసల చరిత్ర కూడా అవుతుంది.

నాలుగో అడుగు: సంపాదించే దారులు, అక్కడి జాగ్రత్తలు

రోజువారీ చిల్లర అన్నిటికంటే మంచి దారి. తరువాతది తోటి సేకర్తలతో మార్పిడి. మీ దగ్గర రెండోసారి వచ్చిన నాణెం ఇంకొకరి వరుసలో ఖాళీని నింపుతుంది. వ్యాపారి దగ్గర కొనేటప్పుడు నెలకు ఇంత అని ఒక చిన్న మొత్తం పెట్టుకుని, అది దాటితే వచ్చే నెల దాకా ఆగండి. ఆ నాణెం మళ్లీ దొరకదని వ్యాపారి తొందరపెడితే నమ్మవద్దు. వెండి రూపాయిని తూచకుండా కొనకండి. కొద్దిగా అరిగిన నాణెం 11.66 గ్రాముల కంటే కాస్త తగ్గవచ్చు, కానీ ఒక గ్రాము తగ్గినా పెరిగినా అనుమానించాలి. అచ్చు అంచులు మొద్దుబారి, ఉపరితలం మీద సన్నటి బుడగల గుంటలు ఉంటే అది పోతపోసిన నకిలీ.

కాసులపేరులోనో, లంబాడీ స్త్రీల ఆభరణాలలోనో ఉండి కొంకి అతికిన గుర్తు మిగిలిన నాణేలను వ్యాపారులు 'చెడిపోయినవి' అంటారు. మీరు అమ్మడానికి కొనడం లేదు కనుక వాటిని వదులుకోకండి; ఆ అతుకు ఎవరో ఒక స్త్రీ మెడలో ఆ నాణెం గడిపిన కాలానికి గుర్తు.

శాతవాహనుల నాటి సీసపు, రాగి నాణేలని ఎవరైనా పొలంలో దొరికినవంటూ తెస్తే మాత్రం కొనకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలి. చట్టం కంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో దొరికిన నాణేల వల్లనే గోబద, నారన, కంవాయసిరి, సమగోప వంటి రాజుల పేర్లు మనకు తెలిశాయి. శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి నాణేలు కూడా అక్కడ దొరికాయి. ఎక్కడ దొరికిందో తెలిసినందువల్లనే ఆ నాణేలు చరిత్ర చెప్పగలిగాయి. సంచిలో వేసి ఊరూరా తిప్పి అమ్మిన నాణెం ఆ సాక్ష్యాన్ని పోగొట్టుకుంటుంది. ప్రాచీన నాణేలను చూడాలని ఉంటే హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి, విజయవాడలోని బాపు మ్యూజియానికి వెళ్లి తనివితీరా చూడండి.

ఐదో అడుగు: తోమకండి

ఈ మార్గదర్శిలో ఒక్క మాటే గుర్తుంచుకోదలచితే ఇదే గుర్తుంచుకోండి. మన ఇళ్లలో రాగి, ఇత్తడి, వెండి ఏది కనిపించినా చింతపండుతోనో విభూతితోనో తోమడం అలవాటు. పన్నెండేళ్ల వయసులో నేను అమ్మమ్మ ఇచ్చిన కంచు కాణీని చింతపండుతో తళతళలాడేలా తోమాను; వారం తిరగకుండానే అది మచ్చలు పడిన గులాబీ రంగుకు తిరిగింది, ఇప్పటికీ అలాగే ఉంది. చింతపండులోని ఆమ్లం మురికితో పాటు లోహపు పై పొరను కూడా కరిగిస్తుంది, విభూతి గీతలు పెడుతుంది. దశాబ్దాల గాలి తాకిడికి నాణెం మీద ఏర్పడిన గోధుమ రంగు పొర మురికి కాదు, అది ఆ లోహానికి రక్షణ కవచం. ఒకసారి పోతే దాన్ని తిరిగి తేలేం.

మట్టి, కుంకుమ, పసుపు అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని గంటలు నానబెట్టి, రుద్దకుండా మెత్తటి నూలు గుడ్డతో అద్ది ఆరబెట్టండి. జిగురు, నూనె మరక ఉంటే శుద్ధమైన ఎసిటోన్‌లో గాజు గిన్నెలో కొన్ని నిమిషాలు ఉంచవచ్చు. కిటికీ తెరిచి, మంటకు దూరంగా, పిల్లలు లేనప్పుడు చేయాలి. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో వేరే పదార్థాలు కలుస్తాయి కనుక దాన్ని వాడకూడదు. రాగి నాణెం మీద లేత ఆకుపచ్చ రంగులో పొడిలాగా రాలేది కనిపిస్తే అది పాకే జబ్బు లాంటిది. వెంటనే దాన్ని మిగిలినవాటి నుంచి వేరుచేసి పొడిగా ఉంచండి.

ఆరో అడుగు: భద్రపరచడం

స్టేషనరీ దుకాణాలలో దొరికే మెత్తటి, ఘాటు వాసన గల ప్లాస్టిక్ కవర్లు చాలావరకు పి.వి.సి.తో చేసినవి. కొన్నేళ్లకు వాటి నుంచి కారే ఆకుపచ్చ జిగట లోహాన్ని తింటుంది. మైలార్ అనే పారదర్శకపు పొరతో చేసిన కిటికీ ఉన్న రెండంగుళాల అట్ట హోల్డర్లు చవకైనవి, మేలైనవి. వాటికి వేసిన పిన్నులను పట్టకారుతో చదునుగా నొక్కితే పక్క నాణేనికి గీత పడదు. వార్తాపత్రికలో చుట్టడం, రబ్బరు బ్యాండ్లు వేయడం రెండూ వెండిని నల్లబరుస్తాయి. విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉన్నవారు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో మార్చుతూ ఉండాలి.

విదేశాలకు వెళ్లేవారికి ఒక హెచ్చరిక అవసరం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు, వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నిషిద్ధం. తాతగారి విక్టోరియా రూపాయిని సూట్‌కేసులో పెట్టుకుని విమానం ఎక్కకండి. ఇక్కడే ఉన్న అన్నకో చెల్లికో అప్పగించి ఫోటోలు తీసుకువెళ్లండి.

ఏడో అడుగు: రాసిపెట్టండి

సేకరణలో నాకు అన్నిటికంటే విలువైన వస్తువు నాణెం కాదు, నాణేల పుస్తకం. కంప్యూటరులో పట్టిక ఉన్నా సరే, ఒక మంచి నోటుపుస్తకం కూడా పెట్టుకోండి. సంవత్సరం, విలువ, టంకశాల, లోహం, బరువు, అరుగుదల ఎంత అన్నవి ఎలాగూ రాస్తారు. వాటితో పాటు ఎక్కడ, ఎవరి ద్వారా, ఏ రోజున వచ్చిందో తప్పక రాయండి, ఎందుకంటే మొదటి వివరాలు ఏ పట్టిక చూసినా దొరుకుతాయి, ఇవి మాత్రం మీకు తప్ప ఎవరికీ తెలియవు. ధర రాయడం మీ ఇష్టం, నేను రాయను. నా పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంది:

'అణా, 1919, ఐదో జార్జి. రాగి-నికెల్, సుమారు 3.9 గ్రాములు. అంచు వంపులు బాగా అరిగాయి, రాజు గడ్డం కనిపిస్తోంది, తెలుగు అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. అమ్మమ్మ పోపుల పెట్టెలో ఆవాల గిన్నె కింద దొరికింది. దీన్ని ఎందుకు దాచిందని అడిగితే, తన పెళ్లికి ముందు వాళ్ల నాన్న సంతలో చిల్లర లెక్కపెట్టి ఇచ్చినవాటిలో ఇది ఖర్చు కాకుండా మిగిలిందని చెప్పింది.'